తుపాను వెళ్లిన మర్నాటి నుంచి

ప్రాణాలు కాపాడుకోవడం మన తీరం నేర్చుకుంది. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు దాదాపు పదివేల మంది పోయారు. నాగాయలంక, కోడూరు వైపు ఊళ్లకు ఊళ్లే తుడిచిపెట్టుకుపోయాయి. 1990 మే నెలలో ఇంచుమించు అదే తీరాన్ని మరో పెను తుపాను తాకింది. అప్పటికి లక్షకు పైగా జనాన్ని ముందే తరలించగలిగారు కాబట్టి మృతుల సంఖ్య వెయ్యి దాటలేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఏకంగా విశాఖ నగరం మీదికే వచ్చినా ఆ సంఖ్య పదుల్లోనే ఆగింది. హెచ్చరికలు ఇచ్చినవాళ్లు, షెల్టర్లు కట్టినవాళ్లు, అర్ధరాత్రి తలుపు తట్టి ఊరిని లేపినవాళ్లు, అందరి కష్టమూ అందులో ఉంది.

ఇల్లు కాపాడుకోవడం మాత్రం మనకింకా చేతకాలేదు. షెల్టర్ నుంచి క్షేమంగా బయటికొచ్చిన కుటుంబం ఆ తర్వాత మూడేళ్లు, నాలుగేళ్లు అప్పుల్లోనూ రేకుల షెడ్డులోనూ గడపడం ఇప్పటికీ మామూలే. ఈ అధ్యాయం ఆ కుటుంబం కోసం రాస్తున్నాను. డబ్బు ప్రభుత్వమే ఇవ్వనివ్వండి, స్వచ్ఛంద సంస్థే ఇవ్వనివ్వండి, మీ అన్నదమ్ములే పంపనివ్వండి. ఇల్లు ఎక్కడ, ఎవరి పేరున, ఎలా కట్టాలన్న నిర్ణయం మాత్రం మీ చేతిలోంచి జారిపోకూడదు. తుపాను దెబ్బకు కుంగిపోయి ఉన్న ఆ కొద్ది వారాల్లోనే ఈ మూడు నిర్ణయాలూ మీకు తెలియకుండా ఎవరో తీసేసుకుంటారు. అందుకే ముందుగా చదివి పెట్టుకోమంటున్నాను.

ముందు ఫోటో, తర్వాత చీపురు

ఇంటికి రాగానే చెయ్యి చీపురు మీదికి పోతుంది. కూలిన మట్టి ఎత్తిపోయాలని, తడిసిన బియ్యం ఆరబెట్టాలని, పిల్లలు కూర్చునేంత చోటైనా శుభ్రం చేసుకోవాలని ఉంటుంది. ఒక్క గంట ఆగండి. ఛార్జింగ్ ఉన్న ఫోన్ ఎవరి దగ్గరున్నా అడిగి తీసుకుని, ఇంటిని నాలుగు వైపుల నుంచీ ఫోటోలు తీయండి. కూలిన గోడలు, లేచిపోయిన కప్పు, విరిగిన దూలం, తడిసిన సామాను, చచ్చిపోయిన గేదె, చిరిగిన వల, ఏదీ వదలొద్దు. ప్రతి వరసలో ఒక ఫోటోలోనైనా ఇంటి మనిషి కనబడాలి, పక్కిల్లో గుడో కరెంటు స్తంభమో కనబడాలి. ఇది ఫలానా చోటున్న ఫలానా వాళ్ల ఇల్లని తర్వాత ఎవరూ కాదనలేరు. గోడ మీద నీళ్లు నిలిచిన చార ఉంటుంది. అక్కడ ఒక మేకు కొట్టండి, నేల నుంచి ఎత్తు కొలిచి రాసుకోండి. దాని అవసరం తర్వాత వస్తుంది.

ఇంతగా ఎందుకు పట్టుబడుతున్నానంటే, 2022 నుంచి 2026 వరకు వర్తించేలా కేంద్రం పెట్టిన విపత్తు సాయం ప్రమాణాలు ఒకసారి చూడండి. మైదాన ప్రాంతంలో పూర్తిగా కూలిన ఇల్లు పక్కాదైనా కచ్చాదైనా 1,20,000 రూపాయలు. పాక్షికంగా దెబ్బతింటే పక్కా ఇంటికి 6,500, కచ్చా ఇంటికి 4,000. అదీ కనీసం 15 శాతం దెబ్బతింటేనే. గుడిసెకైతే 8,000. అంకెలు ఎప్పటికప్పుడు మారుతుంటాయి, రాష్ట్రం తన వంతు కలపవచ్చు కూడా. అయినా ఈ తేడా చూడండి. నష్టం రాయడానికి వచ్చిన ఉద్యోగి కలం 'పూర్తిగా' అని రాస్తుందా 'పాక్షికంగా' అని రాస్తుందా అన్నదాని మీద లక్ష రూపాయలకు పైగా ఆధారపడి ఉంది. 'కచ్చా ఇల్లు' అని కాకుండా 'గుడిసె' అని రాసినా అంతే.

తాటాకు కప్పు ఉన్నంత మాత్రాన ప్రతి ఇల్లూ గుడిసె కాదు. ఆ ప్రమాణాల్లో గుడిసె అంటే తాటాకు, మట్టి, ప్లాస్టిక్ పట్టాల వంటి వాటితో వేసుకున్న, కచ్చా ఇంటికన్నా తక్కువ స్థాయి తాత్కాలిక నిర్మాణం. మీకు పునాది ఉంటే, మట్టిగోడో ఇటుకగోడో ఉంటే, ద్వారబంధం ఉంటే అవన్నీ ఫోటోల్లో కనిపించాలి. కరెంటు బిల్లు, ఇంటిపన్ను రసీదు చేతిలో పెట్టుకోండి. వీఆర్వో గారు, సచివాలయం ఇంజనీరింగ్ సహాయకులు వచ్చిన రోజు ఇంట్లో ఒక పెద్దమనిషి ఉండాలి. ఏం రాశారో మర్యాదగా అడిగి చూడండి. అడగడం తప్పు కాదు, అడిగినంత మాత్రాన వాళ్లూ ఏమీ అనుకోరు. ఒక్క రోజులో వందల ఇళ్లు రాసే మనిషికి మీ ఫోటోలు సాయమే.

సచివాలయంలో జాబితా అతికించినప్పుడు మీ ఒక్కరి పేరు చూసుకుని వచ్చేయకండి. శ్రీకాకుళం తీరంలో మగవాళ్లు నెలల తరబడి గుజరాత్‌లోని వెరావల్‌కు వేటకు వెళ్తారు. కొన్ని ఇళ్లకు తాళాలు ఉంటాయి, కొన్నింట్లో ముసలివాళ్లే ఉంటారు. తాళం ఉన్న ఇల్లు జాబితాలోంచి తప్పిపోవడం చాలా తేలిక. వీధికి ఒకరు చొప్పున కూర్చుని, మన వీధిలో ఎన్ని ఇళ్లు, జాబితాలో ఎన్ని అని సరిచూడండి. తప్పిపోయినవాటికి అర్జీ కాగితం మీద పెట్టి, అందినట్టు సంతకం తీసుకోండి. నోటిమాట అర్జీ నిలబడదు.

ఎవరి పేరున

2005 ఆగస్టు 29న అమెరికా దక్షిణ తీరాన్ని కత్రినా హరికేన్ కొట్టింది. కట్టలు తెగి న్యూ ఆర్లీన్స్ నగరం 80 శాతం మునిగింది. ఇళ్లు కట్టుకోవడానికి లూసియానా రాష్ట్రం 'రోడ్ హోమ్' అనే పెద్ద పథకం తెచ్చింది. డబ్బు పుష్కలంగా ఉన్నా రెండు చోట్ల పేదలు దెబ్బతిన్నారు. మొదటిది, ఇంటి దస్తావేజు. నల్లజాతి పేటల్లో చాలా ఇళ్లు తాతల పేరునే ఉండిపోయాయి. పంపకాలు కాగితం మీద జరగలేదు. మూడు తరాలుగా ఆ ఇంట్లోనే ఉంటున్నవాళ్లు కూడా ఇల్లు తమదేనని నిరూపించుకోలేకపోయారు. రెండోది, లెక్క కట్టే పద్ధతి. తుపానుకు ముందు ఇంటి ధర, మరమ్మతు ఖర్చు, ఈ రెండింటిలో ఏది తక్కువైతే దాని మీద సాయం లెక్కగట్టారు. ఒకే కొలతలున్న ఇల్లు, ఒకే మరమ్మతు ఖర్చు. కానీ పేదల పేటలో ఇళ్ల ధర తక్కువ కాబట్టి వాళ్లకు తక్కువ వచ్చింది. దీనిమీద దావా నడిచి, 2011లో 6 కోట్ల 20 లక్షల డాలర్లతో రాజీ కుదిరింది. అప్పటికి ఆరేళ్లు గడిచిపోయాయి.

మన ఊళ్లలో ఈ కథ మనకు తెలియనిదేం కాదు. తాతగారి పేరున పట్టా, అందులో ముగ్గురు అన్నదమ్ముల ఇళ్లు, ఒకరు హైదరాబాదులో, ఒకరు కాలం చేసి ఆయన భార్యాపిల్లలు ఇంకా అక్కడే. లేదా పట్టాయే లేని పోరంబోకు జాగా. తుపాను వచ్చాక సర్దుకుందామంటే అప్పటికే సాయం డబ్బు గొడవలో పడుతుంది. ఈ వేసవిలోనే కూర్చుని మాట్లాడుకోండి. కాలం చేసిన వాళ్లకు మరణ ధ్రువపత్రం, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ తీసుకోండి. ఎవరి భాగం ఎక్కడికో కాగితం రాసుకోండి, వీలైతే రిజిస్టర్ చేయించండి. పోరంబోకులో ఉంటే ఎన్నేళ్లుగా ఉంటున్నారో చెప్పే పాత కరెంటు బిల్లులు, ఓటరు కార్డు, పన్ను రసీదులు ఒక్క సంచిలో పెట్టండి. వాటి ఫోటోలు ఊరి బయట ఉన్న బంధువు ఫోన్‌లో కూడా ఉండాలి. ఉప్పెన ఒక్క రాత్రిలో బీరువాను ఎక్కడికి తీసుకుపోతుందో ఎవరికీ తెలియదు.

2013 అక్టోబరు 12న గోపాల్‌పూర్ దగ్గర ఫైలిన్ తీరం దాటింది. ఆ తర్వాత ఒడిశాలో కట్టిన ఇళ్లను, వాటి జాగాలను భార్యాభర్తలిద్దరి పేరున ఇచ్చారు. గంజాం తీరంలో వేటకు వెళ్లే కుటుంబాల్లో ఎందరో తెలుగు మాట్లాడేవాళ్లు, మన వాడబలిజల చుట్టాలే. ఆ పద్ధతి మీరూ అడగండి. సముద్రం మీదికి వెళ్లే మనిషికి ఏదైనా జరిగితే ఇంట్లోవాళ్లు మళ్లీ కాగితాల చుట్టూ తిరగనక్కర్లేదు. సాయం డబ్బు పడే ఖాతా కూడా ఇల్లాలిదైతే మేలని నా గట్టి అభిప్రాయం. అది సిమెంటు కొనే దాకా ఎక్కడా ఆగకుండా వెళ్తుంది.

అద్దెకుంటున్నవాళ్ల సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. ఇల్లు కూలితే సాయం యజమానికి వెళ్తుంది, రోడ్డు మీద పడేది అద్దెవాళ్లు. న్యూ ఆర్లీన్స్‌లోనూ ఇదే జరిగింది. పేదలు అద్దెకుండే నాలుగు పెద్ద ప్రభుత్వ గృహ సముదాయాలను 2008 నాటికి కూలగొట్టడం మొదలుపెట్టారు. వాటిలోంచి వెళ్లినవాళ్లలో చాలామంది వెనక్కి రాలేకపోయారు. మీరు అద్దెకుంటుంటే ఆ ఊళ్లో ఉంటున్నట్టు ఆధారం, సామాను నష్టం ఫోటోలు సిద్ధంగా ఉంచుకోండి. బట్టలకు, గిన్నెలకు ఇచ్చే సాయం ఇంటి యజమానిది కాదు, మీదే.

తాత్కాలికం ఎంతకాలం

బడిలో, షెల్టర్లో ఉండేది కొన్ని రోజులే. ఆ తర్వాత శాశ్వతమైన ఇల్లు వచ్చేలోపు ఉండే గూడు గురించి ఎవరూ సరిగా ఆలోచించరు. ఆర్నెల్లకని వేసింది రెండేళ్లు, మూడేళ్లు నిలుస్తుంది. 2004 సునామీ తర్వాత తమిళనాడు తీరంలో తారు షీట్లతో వేసిన షెడ్లలో పగలు కూర్చోలేక జనం చెట్ల కిందికి పోయేవారు. కత్రినా తర్వాత అమెరికా ప్రభుత్వం లక్షకు పైగా కుటుంబాలను చక్రాల ట్రైలర్లలో పెట్టింది. ఆ ట్రైలర్ల చెక్కలోంచి ఫార్మాల్డిహైడ్ వాయువు వెలువడి జనానికి కళ్ల మంటలు, దగ్గు, తలనొప్పి వచ్చాయి. పరీక్షల్లో అది రుజువై, ఎండాకాలంలోపు ఖాళీ చేయించాలని 2008 ఫిబ్రవరిలో ఆరోగ్య శాఖ చెప్పాల్సి వచ్చింది.

తాత్కాలిక గూడు వీలైనంత వరకు మీ సొంత జాగాలోనే వేయించుకోండి. జాగా మీద కన్ను ఉంటుంది, కూలిన ఇంట్లోంచి పనికొచ్చే కలప, ఇటుక, ద్వారబంధాలు ఎవరూ ఎత్తుకుపోరు, కట్టే పని కళ్లముందే సాగుతుంది. మనిషికి కనీసం 3.5 చదరపు మీటర్ల చోటు ఉండాలని అంతర్జాతీయంగా సహాయ సంస్థలు పాటించే స్ఫియర్ ప్రమాణాలు చెబుతాయి. అంటే అయిదుగురికి సుమారు 190 చదరపు అడుగులు, వంట చోటు కాకుండా. సంస్థవాళ్లు షెడ్డు వేస్తామన్నప్పుడు ఈ లెక్క చెప్పి అడగండి. ప్లాస్టిక్ పట్టా కంటే మంచి రేకులు, గట్టి వాసాలు ఇవ్వమనండి, అవి రేపు శాశ్వత ఇంటికీ పనికొస్తాయి. ఆడవాళ్లకు వేరే మరుగుదొడ్డి, దాని తలుపుకు లోపలి గడియ, దారిలో దీపం ఉండాలి. ఇవి తర్వాత చూద్దాంలే అనుకునేవి కావు, మొదటి రాత్రి నుంచే కావాలి.

ఈ రోజుల్లోనే ఎవరో ఒకరు మీ చేత సంతకం పెట్టించుకోవడానికి వస్తారు. జాగా అమ్మమని, అప్పు తీసుకోమని, ఫలానా కాలనీకి ఒప్పుకోమని అడుగుతారు. మనిషిని పోగొట్టుకున్న ఇంట్లో, నిద్రలేని ఇంట్లో తీసుకున్న నిర్ణయం సరైనది కావడం కష్టం. నెల దాటేదాకా జాగా మీద ఏ కాగితం మీదా సంతకం పెట్టవద్దు. ఎంత మంచివాళ్లు అడిగినా సరే, "మా వాళ్లతో మాట్లాడి చెబుతామండి" అనండి.

సముద్రానికి ఎంత దూరం

అన్నిటికన్నా కష్టమైన ప్రశ్న ఇదే. దీని మీద అధికారులకు, మత్స్యకారులకు మధ్య వాదన ఎప్పటికీ తెగదు. ఇద్దరిలోనూ న్యాయం ఉంది. తీరం కోసుకుపోతోంది. కాకినాడ దగ్గర ఉప్పాడలో సముద్రం ఇళ్లకు ఇళ్లను మింగుతూనే ఉంది. అక్కడ మళ్లీ అదే చోట గోడ లేపడం పిల్లల ప్రాణాలతో పందెం కాయడమే. అలాగని వేటకు వెళ్లే కుటుంబాన్ని నాలుగు కిలోమీటర్లు లోపలికి తోస్తే బోటుకు కాపలా ఎవరు, తెల్లవారుజామున మూడింటికి ఒడ్డుకు ఎలా చేరాలి, చేపలు ఎక్కడ ఎండబెట్టాలి?

సునామీ తర్వాత 2005 మార్చిలో తమిళనాడు ఒక ఉత్తర్వు ఇచ్చింది. పోటు గీతకు 200 మీటర్ల లోపున్నవాళ్లు లోపలికి వెళ్తే కొత్త ఇల్లు ఇస్తారు, పాత జాగా వదులుకోవాలి. వెళ్లకపోతే సొంత ఖర్చుతో మరమ్మతు చేసుకోవచ్చు, సాయం మాత్రం ఉండదు. పైకి ఎంపిక జనానికే వదిలినట్టుంది. చేతిలో డబ్బు లేనివాడికి అందులో ఎంపిక ఎక్కడుంది? నాగపట్నం జిల్లాలో తర్వాత కట్టిన కాలనీలను జెన్నిఫర్ డ్యూయిన్ బారెన్‌స్టైన్ అనే పరిశోధకురాలు దగ్గరగా చూశారు. కాంట్రాక్టర్లు పని తేలిక కోసం నీడనిచ్చే చెట్లను నరికేశారని, కొన్నిచోట్ల బాగున్న పాత ఇళ్లను కూడా పడగొట్టారని ఆమె రాశారు. 2001 భూకంపం తర్వాత గుజరాత్‌లో డబ్బు, సలహా ఇచ్చి ఎవరి ఇల్లు వాళ్లనే కట్టుకోనిచ్చిన ఊళ్లలో జనం ఎక్కువ తృప్తిగా ఉన్నారన్నది కూడా ఆమె పరిశీలనే. నాకు ఈ విషయంలో రెండో ఆలోచన లేదు. డబ్బు విడతలుగా ఇవ్వండి, ఇంజనీరును పంపండి, కట్టుకునేది మాత్రం మేమే అని గ్రామసభలో అడగండి. ఫైలిన్ తర్వాత ఒడిశాలో అలాగే చేశారు, పని ఎంతవరకు వచ్చిందో చూసి తర్వాతి విడత విడుదల చేశారు.

కాలనీకి వెళ్లక తప్పని పరిస్థితి వస్తే, ఒప్పుకునే ముందు ఆ చోటును ఒకసారి వర్షంలో చూడండి. చాలా కాలనీలు ఎవరికీ అక్కర్లేని పల్లంలో, పూడ్చిన చెరువులో వెలుస్తాయి. ఆ చుట్టుపక్కల వ్యవసాయం చేసే పెద్దలను అడిగితే వానాకాలంలో నీళ్లు ఎంతవరకు నిలుస్తాయో చెబుతారు. బోరు నీళ్లు నోట్లో పోసుకుని చూడండి, ఉప్పగా ఉంటే రోజూ నీళ్ల క్యాన్లు కొనాలి. బడి, ఆశా కార్యకర్త, బస్సు సంగతి తెలుసుకోండి. ఒడ్డున వలలు దాచుకోవడానికి, రేవు దగ్గర బోట్లు నిలపడానికి హక్కు అలాగే ఉంటుందని రాతపూర్వకంగా తీసుకోండి. మనుషులు లోపలికి వెళ్లిన తర్వాత ఖాళీ అయిన ఒడ్డు మీదికి రిసార్టులు రావడం ఎన్నో తీరాల్లో జరిగింది. కోస్తా నియంత్రణ నిబంధనల్లో అనుమతి ఉన్న పాత ఇంటిని అదే కొలతల్లో మరమ్మతు చేసుకునే వీలుందని కూడా గుర్తుంచుకోండి. "మరమ్మతు కూడా కుదరదు" అని ఎవరైనా అంటే ఏ నిబంధన ప్రకారమో అడగండి.

వెళ్లేదైనా ఉండేదైనా ఊరంతా ఒక్కమాట మీద ఉండాలి. న్యూ ఆర్లీన్స్ తూర్పు అంచున వియత్నాం నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ల పేట ఒకటి ఉంది. కత్రినా తర్వాత ఆ పేటను తిరిగి కట్టాలా వద్దా అని నగరం ఆలోచిస్తుండగానే వాళ్లు చర్చి పెద్ద నాయకత్వంలో వెనక్కి వచ్చేశారు. జనమే లేరు కరెంటెందుకు అన్న కంపెనీకి తిరిగొచ్చిన వాళ్ల పేర్ల జాబితా ఇచ్చి లైన్ తెప్పించుకున్నారు. ఒక్కొక్కరుగా వెళ్లి అడిగి ఉంటే ఆ పేట చీకట్లోనే ఉండేది.

గాలి ఇంటిని ఎలా పడగొడుతుంది

గాలి ఇంటిని నెడుతుందని అనుకుంటాం. నిజానికి అది ముందు కప్పును పైకి లాగుతుంది. ఎదురుగాలిలో గొడుగు ఎలా తిరగబడుతుందో చూశారు కదా, రేకుల కప్పుకూ జరిగేది అదే. విశాఖ తీరానికి భారత ప్రమాణాల్లో పెట్టిన మూల గాలివేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. ఆ వేగంలో గాలి ఒత్తిడి చదరపు మీటరుకు సుమారు 150 కిలోలు. మూడు చదరపు మీటర్ల ఇనుప రేకు మీద అది నాలుగు వందల కిలోలు దాటుతుంది. రేకు బరువు చూస్తే పాతిక కిలోలు కూడా ఉండదు. గాలివేగం రెట్టింపైతే ఒత్తిడి నాలుగు రెట్లవుతుంది. కాబట్టి రేకుల మీద ఇసుక బస్తాలు, బండరాళ్లు పెట్టడం వల్ల ఒరిగేదేమీ లేదు, ఆ రాళ్లే ఎగిరి మనుషులకు తగులుతాయి.

కప్పును గోడకు, గోడను పునాదికి కట్టాలి. మేస్త్రీతో మాట్లాడేటప్పుడు ఈ ఒక్క విషయం మీదే ఎక్కువసేపు మాట్లాడండి. వాసం దూలానికి, దూలం గోడ పైనున్న బీముకు, బీములోంచి దిగిన ఇనుప రాడ్డు పునాది దాకా, ఈ వరుసలో ఎక్కడా తెగకూడదు. మేకులు చాలవు. ఇనుప పట్టీలు, బోల్టులు వాడాలి. రేకులకు జె-హుక్కులు కప్పు మధ్యలో వేసే దూరానికి సగం దూరంలో చూరు వెంట, కొప్పు వెంట, మూలల్లో వేయించండి, ఎందుకంటే గాలి లాగేది అక్కడే ఎక్కువ. చూరు గోడ దాటి అడుగున్నర కంటే ముందుకు రాకూడదు. పంచ కప్పును అసలు ఇంటి కప్పుకు కలపవద్దు. పంచ లేచిపోయినా ఇల్లు నిలబడాలి. రెండు వాలుల కప్పు కన్నా నాలుగు వైపులా వాలున్న కప్పు గాలికి బాగా ఆగుతుంది. వాలు 22 నుంచి 30 డిగ్రీల మధ్య ఉంటే మంచిది, మరీ చదునుగా ఉన్న రేకుల కప్పును గాలి సులువుగా ఊడబెరుకుతుంది.

మన పెద్దలకు ఇది లెక్కలు లేకుండానే తెలుసు. ఉత్తరాంధ్ర, గోదావరి తీరాల్లో ఇంకా అక్కడక్కడా కనబడే చుట్టిల్లు చూడండి. గుండ్రటి మట్టిగోడ, నిటారుగా లేచి నాలుగు దిక్కులా నేల దాకా దిగే తాటాకు కప్పు. గాలికి పట్టుకోవడానికి మూలే దొరకదు. అందరం మళ్లీ చుట్టిళ్లు కట్టుకుందామని నేననను. కానీ పేదవాడి ఇల్లంటే చదరపు సిమెంటు గదే అని నిర్ణయించే ముందు ఆ పాత మేస్త్రీలను ఒకసారి అడిగి ఉండాల్సిందని మాత్రం అంటాను. చిన్న ఇళ్ల కోసం ఐఎస్ 15498 అనే మార్గదర్శకం 2004 నుంచీ ఉంది. ఇంజనీరింగ్ సహాయకులను ఆ పేరు చెప్పి అడగండి.

గాలి వచ్చే వైపు కిటికీ పగిలితే లోపలికి దూరిన గాలి కప్పును కింది నుంచి తోస్తుంది, పైనుంచి లాగే గాలి దానికి తోడవుతుంది. తలుపులకు, కిటికీలకు అడ్డగడియలు గట్టివి పెట్టండి, అద్దాల కిటికీలకు చెక్క రెక్కలు ఉండాలి. గది మూలకు ఆనించి కిటికీ పెట్టవద్దు, గోడ బలహీనపడుతుంది.

శ్లాబు ఇంటికి భయం లేదనుకునేవాళ్లు ఎక్కువ. గాలికి భయం లేదు, ఉప్పుకు ఉంది. సముద్రపు ఇసుకతో, ఉప్పు బావి నీళ్లతో కలిపిన కాంక్రీటులో ఇనుము నిశ్శబ్దంగా తుప్పు పడుతుంది. పదేళ్లు తిరక్కుండానే శ్లాబు కింద పెచ్చులు ఊడి రాడ్లు బయటపడతాయి. నది ఇసుక, మంచినీళ్లే వాడాలి. తుపాను తర్వాత మంచినీళ్లు తాగడానికే లేని ఊళ్లో ఇది పెద్ద మాటే, అందుకే ట్యాంకరు ఖర్చు ఇంటి లెక్కలో మొదటే వేసుకోండి. తీరప్రాంతపు గాలికి నేరుగా ఎదురయ్యే కట్టడాల్లో ఇనుము మీద 45 మిల్లీమీటర్ల కాంక్రీటు కప్పు ఉండాలని ప్రమాణాలు చెబుతాయి. మేస్త్రీలు అలవాటుగా పెట్టే చిన్న రాతిముక్క అంత మందం ఉండదు. కవర్ బ్లాకులు చేయించి, శ్లాబు పోసే రోజు మీరే దగ్గరుండి చూడండి. కనీసం పది రోజులు నీళ్లు కొట్టాలి.

ఇల్లు ఎంత ఎత్తున లేపాలి? గోడ మీద మేకు కొట్టమన్నాను కదా. పునాది ఆ మేకు కంటే అడుగున్నర ఎత్తుగా రావాలి. అంత డబ్బు లేకపోతే గది తగ్గించుకోండి, ఎత్తు తగ్గించవద్దు. 1977 నాటి ఉప్పెనకు ఏ పునాదీ చాలదు, అలాంటిది వస్తుందంటే ఇల్లొదిలి వెళ్లిపోవడమే.

బోటు ముందా, ఇల్లు ముందా

చాలా ఇళ్లలో భార్యాభర్తలకు ఇక్కడే మాట పడుతుంది. ఆయన బోటు, వలలు ముందంటాడు, ఆవిడ గోడలు ముందంటుంది. గట్టి తాత్కాలిక గూడు ఉంటే బోటే ముందని నేనంటాను. సంపాదన లేని ఇంటికి గోడలు నిలవవు, వడ్డీ కింద పోతాయి. కృష్ణా డెల్టాలో తుపాను కుటుంబాలను ఏళ్ల తరబడి గమనించిన పీటర్ వించెస్టర్ తన పుస్తకంలో చూపించింది ఇదే: ఎవరు ఎంత దెబ్బతిన్నారన్నది గాలి ఒక్కటే తేల్చదు, అంతకుముందే ఎవరి దగ్గర భూమి, పశువు, పనిముట్టు ఉన్నాయన్నది తేలుస్తుంది. 1996 నవంబరు తుపానుకు కోనసీమలో, 2018 అక్టోబరులో తిత్లీకి ఉద్దానంలో కొబ్బరి నేలకొరిగింది. కొత్త మొక్క కాపుకు రావడానికి అయిదారేళ్లు పడుతుంది. ఇల్లు లేచింది, చెట్టు లేవలేదు. అలాంటి కుటుంబానికి ఆ అయిదేళ్ల తిండి ఎలా అన్నది ఇంటి ప్లాను గీసే రోజే తేలాలి. చెట్ల మధ్య కూరగాయలా, కోళ్లా, ఒకరు కూలికి వెళ్లడమా అన్నది కూడా అప్పుడే తేల్చుకోండి.

తుపాను తర్వాత రేకులు, సిమెంటు, మేస్త్రీ కూలి ఒక్కసారిగా పెరుగుతాయి. పదిళ్లవాళ్లు కలిసి డ్వాక్రా సంఘం పేరున హోల్‌సేల్‌గా కొనండి, ఒకే మేస్త్రీ బృందాన్ని మాట్లాడుకోండి. వడ్డీ వ్యాపారి ఇంటికొచ్చి ఇచ్చే డబ్బు కంటే సంఘం అప్పు ఆలస్యమైనా నయం. మొదటి విడతతో పునాది, పైబీము దాకా తెచ్చి ఆపండి. రంగులు, టైల్సు, ముందు గేటు ఎప్పుడైనా పెట్టుకోవచ్చు.

ఇల్లు పూర్తయ్యాక ఏటా రెండుసార్లు కప్పెక్కాలి. ఏప్రిల్ మొదట్లో ఒకసారి, అక్టోబరు రాకముందే మరోసారి. తుప్పు పట్టిన హుక్కు మార్చండి, వదులైన బోల్టు బిగించండి, కప్పు మీదికి వాలిన కొబ్బరి మట్టలు కొట్టేయండి. తర్వాత వీధిలోకి నడిచి ఎదురింటి కప్పు కూడా చూడండి. ఆ ఇంట్లో ఒంటరి ముసలమ్మ ఉంటే, మగవాళ్లు వెరావల్‌లో ఉంటే, ఆ రేకులు మీరే బిగించి రండి. గాలిలో ఊడిన రేకు ఎవరింటిదైనా ముందు తెగేది పక్కింటి గోడో, ఆ దారిన షెల్టర్‌కు పరిగెత్తే పిల్లాడి మెడో.